వెంట్రుకవాసి తేడా

పల్నాట మిరప తోట పెట్టిన రైతునెవరినైనా కదిపి చూడండి, ముడత రెండు రకాలని చెబుతాడు. ఆకు అంచులు పైకి లేచి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి తిరిగి కాడ సాగితే కింది ముడత, అది నల్లి పని. నడికుడి, దాచేపల్లి చుట్టుపట్ల పొలాల్లో కలుపు తీయడానికి వచ్చే మనిషికి కూడా ఈ తేడా తెలుసు. మందుల కొట్లో మొదట అడిగేదీ ఇదే: "పైకి ముడిచిందా బాబాయ్, కిందికా?" తామర పురుగు కీటకం, నల్లి సాలెపురుగుకు చుట్టం. ఒకదాన్ని చంపే మందు రెండోదాన్ని ఏమీ చేయకపోవచ్చు. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరికితే సగం డబ్బు మిగిలినట్టే.

ఆకును చూసి పురుగును చెప్పడం ఒక విద్య. ఆ పురుగునే చూసి, లోకంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన ఆరు వేలకు పైగా తామర పురుగు జాతుల్లో అది ఏదో తేల్చడం మరో విద్య. మొదటిదానికి మన ఊళ్లలో గురువులకు కొదవలేదు. రెండోది చేతనైనవాళ్లు దేశం మొత్తం మీద బహు కొద్దిమంది. వాళ్ల పేర్లు పేపర్లో రావు, వాళ్లు చేసే పని బయటివాళ్లకు కనిపించదు. ఆ పనిలోని నేర్పును దగ్గరగా చూపించాలని ఈ వ్యాసం.

ముందు పురుగు సంగతి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి, తామర పురుగు - వీటన్నిటినీ వ్యవసాయ శాఖ వాళ్లు కలిపి రసం పీల్చే పురుగులంటారు. వాటిలో తామర పురుగు నోరు దేనితోనూ పోలదు. దానికి ఎడమ దవడ ఒక్కటే ఉంటుంది, కుడిది గుడ్డులో ఉండగానే కరిగిపోతుంది. ఆ ఒంటి దవడతో ఆకు పైపొరకు చిల్లు పెడుతుంది. తరవాత సూదుల్లా సన్నటి రెండు అవయవాలను జతచేసి, ఆ గొట్టంలోంచి కణాల్లోని రసం లాగేస్తుంది. ఖాళీ అయిన కణాల్లో గాలి చేరితే ఆకు మీద వెండి రంగు మచ్చ తేలుతుంది. రెక్కలు నాలుగు. ఒక్కొక్కటీ సన్నటి పుల్ల, దాని అంచు పొడుగునా నూగు. పిల్ల పురుగులు రెండు దశలు తింటాయి. చాలా జాతుల్లో ఆ తరవాత మట్టిలోకి దిగి, ఏమీ తినకుండా రెండు దశలు గడిపి, రెక్కలతో పైకొస్తాయి. ఇంతా చేసి పెద్ద పురుగు పొడవు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ.

మిరపలో మన రైతులకు తాతల నాటి నుంచి తెలిసిన తామర పురుగు లేత పసుపుది. లేత ఆకుల్ని పట్టుకుని ఉంటుంది, ముడత తెస్తుంది. శాస్త్రం పేరు సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. 2021లో ఆ లెక్క తప్పింది. ముదురు రంగు పురుగు వచ్చింది, అదీ ఆకుల్లో కంటే పూతలో. పువ్వు తెంపి తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి నలకలు గబగబా పాకేవి. పూత రాలింది, పిందె నిలవలేదు, నిలిచిన కాయ వంకర్లు పోయింది. అప్పటికి పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలో భాగమే, విడిగా జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. ఆ పంట కాలంలో ఆంధ్రాలో, తెలంగాణలో ఎందరో రైతులు మందు మీద మందు కొట్టి, చివరికి విసిగి తోటలే పీకేశారు. నల్ల తామర పురుగు అని రైతులే దానికి పేరు పెట్టుకున్నారు.

అది ఏ జాతి? ఈ ప్రశ్నకు జవాబు అప్పటికే రాసిపెట్టి ఉంది. కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన కౌముద్ త్యాగి, వికాస్ కుమార్, వాళ్ల సహచరులు 2015లోనే ఒక వ్యాసం ప్రచురించారు. బెంగళూరులో బొప్పాయి మీద దొరికిన ఒక తామర పురుగు మన దేశానికి కొత్త అనీ, అది త్రిప్స్ పార్విస్పైనస్ అనీ అందులో నిరూపించారు. ఆరేళ్లపాటు అది నిపుణులు మాత్రమే చదివే వ్యాసం. మిరప పూత రాలడం మొదలయ్యాక, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థలో ఆర్. ఆర్. రచన లాంటి తామర పురుగుల నిపుణులు తోటల నుంచి వచ్చిన పురుగుల్ని చూసి ఇది ఆ పార్విస్పైనసే అని తేల్చగలిగారంటే, ఆ పోలిక చూసుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు కూర్చుని పని చేసి ఉంచారు గనకే.

ఆ కూర్చుని చేసే పని ఏమిటో చూద్దాం.

మొదట పురుగును పట్టాలి. కొమ్మ కింద తెల్లటి పళ్లెం పెట్టి కొమ్మను తడతారు. రాలిన పురుగుల్ని తడి కుంచె కొసతో ఒక్కొక్కటిగా ఎత్తి చిన్న సీసాలో వేస్తారు. సీసాలో ఉండేది ఉత్త ఆల్కహాలు అయితే పురుగు బిగుసుకుపోతుంది, కాళ్లూ రెక్కలూ తరవాత విప్పడం కుదరదు. అందుకని పది పాళ్లు పలచటి ఆల్కహాలుకు ఒక పాలు గ్లిజరిన్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవం వాడతారు. అందులో పురుగు మెత్తగా, రెక్కలు విచ్చుకుని ఉంటుంది. పట్టిన చోటు, తేదీ, ఏ మొక్క మీద, ఆకులోనా పువ్వులోనా - ఇవి అప్పటికప్పుడు పెన్సిలుతో కాగితం ముక్క మీద రాసి ఆ సీసాలోనే వేస్తారు. పెన్సిలే ఎందుకంటే పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగి పోతుంది. చీటీ తప్పిపోయిన సీసాలో పురుగు ఎంత చక్కగా ఉన్నా దానికి విలువ లేదు.

తరవాతి పని పురుగులోపలిదంతా తీసేయడం. పలచటి సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో ఉంచితే లోపలి కండ, కొవ్వు, తిన్న తిండి కరిగిపోతాయి. సన్నటి సూదితో పొట్ట కింద చిల్లు పెట్టి, మెల్లగా నొక్కి ఆ కరిగినదంతా బయటికి నెడతారు. మిగిలేది బోలు చర్మం, దాని మీద వెంట్రుకలు. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఎక్కువసేపు నాననిస్తే రంగు కూడా పోతుంది, రంగు కూడా గుర్తుల్లో ఒకటి. అందుకని జాగ్రత్త తెలిసినవాళ్లు ఒకే సీసాలోని పురుగుల్లో కొన్నిటిని ద్రావణంలో వేయకుండా, రంగు కోసం అలాగే స్లైడు మీదికి ఎక్కిస్తారు.

అక్కడి నుంచి నీరు తీసేయడం. పలచటి ఆల్కహాల్లోంచి చిక్కటి దానిలోకి, అందులోంచి ఇంకా చిక్కటి దానిలోకి, మెట్టు మెట్టుగా మారుస్తూ చివరికి లవంగ నూనెలో వేస్తారు. ఒక్కసారిగా మార్చితే సున్నితమైన చర్మం కుంచించుకుపోతుంది. అన్నిటికీ ఆఖరున ఎక్కించడం. 13 మిల్లీమీటర్ల గుండ్రటి పలచటి అద్దం మీద కెనడా బాల్సం బొట్టు వేస్తారు. అది ఉత్తర అమెరికాలో ఒక రకం ఫర్ చెట్టు నుంచి వచ్చే జిగురు. పురుగును అందులో వెల్లకిలా పడుకోబెట్టి, సూది కొసతో ఆరు కాళ్లూ, నాలుగు రెక్కలూ, రెండు మీసాలూ విప్పి సర్దుతారు. మీసం సాపుగా రావాలంటే దాని మొదటి కణుపు మీద నొక్కాలి, కొస పట్టుకుంటే తెగుతుంది. మిల్లీమీటరు పొడుగు పురుగు మీసంలో మొదటి కణుపు ఎంతుంటుందో ఊహించుకోండి. సర్దడం అయ్యాక స్లైడును పైనుంచి బోర్లించి ఆ బొట్టుకు తాకించి, తిప్పేస్తారు. ఇప్పుడు పురుగు వీపు పైకొస్తుంది. యాభై డిగ్రీల వేడిలో వారాల తరబడి ఆరనిస్తే బాల్సం గట్టిపడుతుంది. అలా చేసిన స్లైడు నూరేళ్లయినా నిలుస్తుంది. మనం పుట్టక ముందు ఎక్కించిన పురుగుల్ని మ్యూజియాల్లో ఇవాళ్టికీ తీసి చదువుతున్నారు.

ఒక పురుగు మీద ఇంత ఓపిక ఖర్చు పెట్టే మనుషులంటే నాకు గౌరవం. పాడైతే ఇంకోటి ఉందిలే అన్న పని ఇది కాదు. కొన్నిసార్లు ఆ జాతికి లోకంలో ఉన్న నమూనా ఆ ఒక్కటే.

ఇక చదవడం. స్లైడును నాలుగు వందల రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోపు కింద పెడతారు. పురుగు బోలుగా, పారదర్శకంగా ఉంది కదా, అందుకని సన్నమర తిప్పుతూ పోతే మొదట వీపు మీది వెంట్రుకలు తేటపడతాయి, ఇంకొంచెం తిప్పితే అవి మసకబారి, అదే చోట కింద పొట్ట వైపు వెంట్రుకలు తేటపడతాయి. తేటగా ఉన్న బావిలోకి వంగితే ముందు నీటి మీది ఆకు, చూపు నిలిపితే అడుగున రాయి కనిపించినట్టు ఉంటుంది. వీపు వెంట్రుకా పొట్ట వెంట్రుకా అని పొరబడితే జాతి పేరే మారిపోతుంది. కాబట్టి చెయ్యి మర మీదే ఉంటుంది, చూపు లోతులు కొలుస్తూ ఉంటుంది.

పూతలో దొరికిన నల్ల పురుగు విషయంలో నిపుణుడి చూపు ఏ దారిన పోతుందో చెబుతాను. నెత్తి మీద మూడు చిరుకళ్లు ముక్కోణంగా ఉంటాయి. వాటి ముందు ఒక జత వెంట్రుకలుంటే అది ఫ్రాంక్లినియెల్లా లాంటి వేరే ప్రజాతి కావచ్చు. లేవు. మీసానికి ఏడు కణుపులు. మెడ పలక వెనక మూలల్లో రెండేసి పొడుగు వెంట్రుకలు, ముందంచున పొడుగువి లేవు. పొట్ట ఎనిమిదో ఖండం మీద పక్కన ఊపిరి తీసుకునే రంధ్రం ఉంటుంది. దానికి వెనకగా, లోపలి వైపుకు సన్నటి పళ్ల వరస. ఆ వరస రంధ్రానికి ముందు వైపుంటే ఫ్రాంక్లినియెల్లా, వెనక వైపుంటే త్రిప్స్. ప్రజాతి త్రిప్స్ అని తేలింది. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరిది. ఇప్పుడు ఆ ప్రజాతిలో ఏ జాతి?

మన దేశంలో పూలల్లో ఇలాగే రెండు రంగుల్లో తిరిగే ఇంకో జాతి ఉంది, త్రిప్స్ హవాయియెన్సిస్. తలా ఛాతీ లేత రంగు, పొట్ట ముదురు. చేతి భూతద్దంలో చూస్తే రెండూ ఒకటే. ఈ రెంటినీ విడదీసే గుర్తులు ఎక్కడున్నాయో చూడండి. వీపు పలక మీద హవాయియెన్సిస్‌కు ఒక జత చిన్న గుండ్రటి రంధ్రాలుంటాయి, పార్విస్పైనస్‌కు ఉండవు. పొట్ట ఎనిమిదో ఖండం వెనకంచున హవాయియెన్సిస్‌కు ఈ చివరి నుంచి ఆ చివరికి నిండుగా దువ్వెన పళ్లుంటాయి, పార్విస్పైనస్‌కు మధ్యలో ఖాళీ. పొట్ట కింద ఏడో ఖండం నడిమిన హవాయియెన్సిస్‌కు అదనపు వెంట్రుకలుంటాయి, పార్విస్పైనస్‌కు మూడు నుంచి ఆరో ఖండం వరకే ఉండి, ఏడో దాని మీద ఉండవు. రెక్కకు వస్తే మాత్రం తిరగబడుతుంది: మొదటి నరం మీద హవాయియెన్సిస్‌కు వెంట్రుకల మధ్య ఎడం ఉంటుంది, పార్విస్పైనస్‌కు వరస తెగకుండా సాగుతుంది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచేది ఆ లేకపోవడాలు. ఉన్నదాన్ని చూడటం ఎవరైనా నేర్చుకుంటారు. రంధ్రం లేదు అని రాయాలంటే మాత్రం, అది ఉండాల్సిన చోటు ఏదో, ఉన్నప్పుడు ఎలా ఉంటుందో, ఏ వెలుతురులో ఏ లోతులో తేలుతుందో ముందే కంటికి పట్టి ఉండాలి. లేదంటే స్లైడు మురికిగా ఉంది కాబట్టి కనబడలేదా, నిజంగానే లేదా అన్నది తేల్చుకోలేరు. వెంట్రుక విరిగిపోయినా, అది మొలిచిన చోట చిన్న గుంట మిగులుతుంది. అలవాటున్న చూపు ఆ గుంటను కూడా లెక్కలో వేసుకుంటుంది. ఆ తీర్పు యంత్రానికి అప్పజెప్పలేనిది. కొన్ని వందల స్లైడ్లు చూశాక గానీ రాదు.

పార్విస్పైనస్‌కు మొదట పేరు పెట్టినవాడు హైన్రిష్ హ్యూగో కార్నీ, ఆస్ట్రియావాడు. 1922లో థాయిలాండ్ నుంచి వచ్చిన పురుగును చూసి దాన్ని వర్ణించాడు. 1920ల్లో జావాలోని బోయిటెన్‌జోర్గ్‌లో, అంటే ఇప్పటి బోగోర్‌లో, మ్యూజియంలో పనిచేశాడు. ఆగ్నేయాసియా తామర పురుగులు ఆయన చేతి మీదుగా వందలుగా లోకానికి తెలిశాయి. 1926లో మన దేశపు తామర పురుగుల మీద కూడా ఒక పెద్ద పరిశీలన ప్రచురించాడు. కానీ ఒకసారి పేరు పెడితే అయిపోలేదు. పార్విస్పైనస్‌ను తరవాతివాళ్లు వేరే పేర్లతో మళ్లీ వర్ణించారు, వేరే జాతులనుకుని పొరబడ్డారు. 1998లో గ్రీసులో పూల మొక్కల మీద ఇది కనబడ్డాక, లారెన్స్ మౌండ్, డి. డబ్ల్యు. కాలిన్స్ కలిసి 2000లో ఒక వ్యాసం రాశారు. ఈ జాతి గుర్తింపులో పడిన గందరగోళమంతా విప్పి, ఏ పేరు ఏ పురుగుది, ఏ గుర్తు నమ్మదగింది అన్నది అందులో సాపు చేశారు. మౌండ్ లండన్ మ్యూజియంలో, తరవాత ఆస్ట్రేలియాలో జీవితమంతా తామర పురుగులకే ఇచ్చిన మనిషి. 2015లో కోల్‌కతా వాళ్లు బొప్పాయి పురుగును పట్టుకోగలగడానికి ఆ చిక్కుముడి అప్పటికే విడిపోయి ఉండటం ఎంతో కలిసొచ్చింది.

మన దేశంలోనూ ఈ విద్యకు మంచి వంశమే ఉంది. మద్రాసు లొయోలా కాలేజీలో టి. ఎన్. అనంతకృష్ణన్ ఒక తరాన్ని తయారు చేశాడు. ఢిల్లీలో జె. ఎస్. భట్టి 1980లో భారతదేశపు త్రిప్స్ ప్రజాతి జాతులన్నిటినీ ఒకచోట చేర్చి రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ పక్కన పెట్టుకుని పనిచేస్తారు. అంతకు ముందు మొదటి మనిషి టి. వి. రామకృష్ణ అయ్యర్. కోయంబత్తూరులో మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త. ఆయన కథలో మన గుంటూరు ఉంది.

1935లో మద్రాస్ అగ్రికల్చరల్ జర్నల్‌లో రామకృష్ణ అయ్యర్, ఎమ్. ఎస్. సుబ్బయ్య, పి. ఎన్. కృష్ణమూర్తి కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. గుంటూరు, మదురై ప్రాంతాల్లో మిరపకు వచ్చే ఆకు ముడత తామర పురుగుల వల్లే వస్తోందని దాని విషయం. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, తీసుకెళ్లే రైతు ఇవాళ "పై ముడత తామర పురుగుది" అని అలవోకగా అంటున్న మాట వెనక ఇంత పాత పరిశోధన ఉంది. రైతు చూసిందే శాస్త్రజ్ఞుడూ చూశాడు, చూసింది అచ్చు వేశాడు.

ఆ ముడత పురుగుకు శాస్త్రం పేరు పెట్టింది మాత్రం అమెరికావాడు, జోసెఫ్ డగ్లస్ హుడ్. 1919లో దక్షిణ భారతపు కొత్త తామర పురుగుల మీద రాసిన వ్యాసంలో, కోయంబత్తూరులో ఆముదం, మిరప మొక్కల మీద పట్టిన నమూనాలను చూసి సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ అన్నాడు. హుడ్ తన జీవితంలో సుమారు వెయ్యి తామర పురుగు జాతుల్ని వర్ణించాడు. మన మిరప మీద ముడత తెచ్చే పురుగు ఇప్పుడు ప్రపంచమంతా చిల్లీ త్రిప్స్ అన్న పేరుతో తిరుగుతోంది. 2005లో అమెరికాలో ఫ్లోరిడాకు చేరి గులాబీల మీద స్థిరపడింది. 2020లో పార్విస్పైనస్ కూడా ఫ్లోరిడా చేరింది. ఎక్కడైనా ఈ రెంటినీ గుర్తుపట్టడానికి ఆధారం హుడ్, కార్నీ, మౌండ్ లాంటివాళ్లు రాసిన పేజీలే.

పేరు తప్పితే ఏమవుతుందో తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో డి. వి. ఆర్. రెడ్డి బృందం వేరుశనగకు వచ్చే మొవ్వు కుళ్లు తెగులు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. మొవ్వు ఎండి, మొక్క గిడసబారిపోయే ఆ తెగులు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని మొక్క నుంచి మొక్కకు మోసేది తామర పురుగు. 1979లో ఆ వైరస్‌ను టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ అనుకున్నారు. 1981లో ప్రచురించిన పరిశోధన ఫ్రాంక్లినియెల్లా షుల్ట్జీ, సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ దాన్ని మోస్తున్నాయంది. 1990లో లండన్ మ్యూజియానికి చెందిన జె. ఎమ్. పామర్‌తో కలిసి రెడ్డి, జె. ఎ. వైట్‌మన్, జి. వి. రంగారావు వాహకాల సంగతి మళ్లీ పరిశీలించి రాశారు. మన దగ్గర అసలు వాహకంగా తేలింది త్రిప్స్ పామి. 1992 నాటికి వైరస్ కూడా టమాటాది కాదనీ, వేరే వైరస్ అనీ తేలింది. పురుగు పేరూ వైరస్ పేరూ రెండూ మారాయి.

పామిని కూడా 1925లో కార్నీయే వర్ణించాడు, సుమత్రాలో పొగాకు మీద దొరికిన నమూనాలతో. ఫ్రాంక్లినియెల్లాకూ దానికీ తేడా నేను పైన చెప్పినవే: నెత్తి మీద ముందు జత వెంట్రుకలు, మీసం కణుపుల సంఖ్య, ఎనిమిదో ఖండం మీద పళ్ల వరస చోటు. పామికీ ఉల్లిలో కనిపించే త్రిప్స్ టబాకికీ తేడా ఇంకా సన్నం. పొట్ట రెండో ఖండం పక్క అంచున నాలుగు వెంట్రుకలుంటే పామి, మూడే ఉంటే టబాకి. ఒక వెంట్రుక! ఏ పురుగు ఎప్పుడు వలస వస్తుంది, ఏ మొక్కల మీద పెరుగుతుంది, ఏ పంట పక్కన ఏ పంట వేస్తే ముప్పు తగ్గుతుంది అన్న సలహా అంతా ఆ పేరు మీదే నిలబడుతుంది. పేరు తప్పయితే, ఎంత శ్రద్ధగా చేసిన ప్రయోగమైనా వేరే పురుగు గురించి చేసినట్టవుతుంది. రెడ్డి బృందాన్ని నేను మెచ్చుకునేది ఇందుకే. తామే సుమారు పదేళ్ల కిందట అచ్చు వేసిన మాటను వర్గీకరణ నిపుణుల ముందు పెట్టి తిరిగి పరీక్ష చేయించుకున్నారు.

నల్ల తామర పురుగు దగ్గరికి వస్తే, పేరు తెలియడం వల్ల రైతుకు ఏం ఒరిగింది అని అడగొచ్చు. ఆ ఏడాది పీకేసిన తోటలు తిరిగి రాలేదు, అది నిజం. కానీ పేరు తెలిశాక మరుసటి రోజు నుంచే ఆ పేరుతో ఇండోనేషియా నుంచి, థాయిలాండ్ నుంచి, హవాయి నుంచి ఉన్న జ్ఞానమంతా తలుపు తీసుకుని వచ్చింది. ఇది పూలల్లో దాక్కుంటుంది, పైపైన ఆకుల మీద కొట్టిన మందు దానికి తగలదు. బొప్పాయిలో, పూల మొక్కల్లో, ఎన్నో కూరగాయల్లో కూడా పెరుగుతుంది, కాబట్టి మిరప ఒక్కదాన్ని చూసుకుంటే సరిపోదు. మట్టిలో దిగే దశ ఉంది, దున్నడం, నీటి తడులు దాన్ని దెబ్బతీయగలవు. నీలి రంగు జిగురు అట్టలు తోటలో పెట్టి పురుగు రాకను ముందే పసిగట్టమని సలహా వచ్చింది. కనిపించిన మందల్లా కలిపి కొడితే శత్రు పురుగులతో పాటు వాటిని తినే మిత్ర పురుగులూ పోయి, చివరికి తామర పురుగు ఉధృతే పెరుగుతుందని హెచ్చరికలొచ్చాయి. ఇవేవీ పేరు లేకుండా చెప్పగలిగేవి కావు.

వెంట్రుకలు లెక్కపెట్టడం పాత పద్ధతి, ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది కదా అనేవాళ్లున్నారు. 2015 వ్యాసంలోనే రెండూ చేశారు: శరీర గుర్తులూ చూశారు, డీఎన్‌ఏ బార్‌కోడూ చదివారు. బార్‌కోడు అంటే ఒక నిర్ణీత జన్యువులోని అక్షరాల వరస. ఆ వరసను పోల్చుకోవడానికి కంప్యూటర్లో పేరున్న వరస ఒకటి ఉండాలి, ఆ పేరు పెట్టింది ఎవరో ఒకరు స్లైడు చూసే. తప్పు పేరుతో ఎక్కించిన వరస ఒక్కటుంటే చాలు, తరవాత దానితో పోల్చుకున్న ప్రతివాళ్లూ ఆ తప్పునే మోస్తారు. డీఎన్‌ఏ తేగల మేలు వేరే ఉంది. స్లైడు మీద ఎంత చూసినా విడిపోని వాటిని అది విడదీస్తుంది.

మన పాత ముడత పురుగు విషయంలో జరిగింది అదే. 2015లో ఆరన్ డిక్కీ, అతని సహచరులు వేర్వేరు దేశాల నుంచి తెచ్చిన సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ నమూనాల జన్యువులు చదివారు. ఆ ఒక్క పేరు కింద కనీసం తొమ్మిది జాతులు పైకి తేడా తెలియకుండా దాగి ఉన్నాయని చెప్పారు. వాటికి ఇంకా సరైన పేర్లు లేవు. దక్షిణాసియా ఒకటి, దక్షిణాసియా రెండు, తూర్పాసియా ఒకటి అని ప్రాంతాన్ని బట్టి అంకెలు వేసి పిలుస్తున్నారు. వాటిలో దక్షిణాసియా ఒకటి అన్నదే ఖండాలు దాటి ఎక్కువ దూరం వ్యాపించింది.

వీటిలో హుడ్ పెట్టిన పేరు ఏ ఒక్కదానికి మిగలాలి అన్నది తేల్చడానికి జంతువుల నామకరణ నియమం ఒకటే దారి చూపుతుంది: ఆయన చేతిలో ఉన్న అసలు నమూనా వీటిలో ఏదో కనుక్కోవాలి. హుడ్ సేకరణ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. కానీ నూరేళ్లుగా బాల్సంలో ఉన్న పురుగు నుంచి డీఎన్‌ఏ తీయడం తేలిక కాదు, తీయబోతే నమూనా పోతుందన్న భయం ఒకటి. అందుకని మిగిలిన దారి, హుడ్ చూసిన పురుగులు ఎక్కడి నుంచి వెళ్లాయో అక్కడికే తిరిగి వెళ్లడం. కోయంబత్తూరులో ఆముదం చెట్టు కింద, మిరప మొక్క కింద తెల్ల పళ్లెం పెట్టి కొమ్మ తట్టాలి. రాలిన పురుగుల్లో కొన్నిటిని డీఎన్‌ఏకు, కొన్నిటిని బాల్సంలోకి పంపాలి. ఆ స్లైడ్ల పక్కన హుడ్ వర్ణన పెట్టుకుని ప్రతి వెంట్రుకా సరిచూడాలి. అప్పుడు గానీ మిగతా ఎనిమిదింటికి కొత్త పేర్లు పెట్టడం మొదలవదు. నడికుడి పొలాల్లో పై ముడత తెస్తున్నది ఆ తొమ్మిదిలో ఏదో, లేక ఒకటి కంటే ఎక్కువో చెప్పాలంటే ఇక్కడి మిరప ఆకుల్నీ అదే జాగ్రత్తతో పళ్లెంలోకి దులపాలి. సీసాలో పెన్సిలు చీటీ మీద ఊరు పేరు, మొక్క పేరు, తేదీ ఉండాలి.